గంజాయి: మందా, మత్తుమందా?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



'గంజాయివనంలో తులసిమొక్క' అని మన పెద్దవాళ్ళు ఒక మాట అంటూ వుంటారు. చెడ్డవాళ్ళ మధ్య పుట్టిన మంచివాణ్ణి చూసి అనే మాట అది. ఆ ఒక్క మాటలోనే తీర్పంతా వుంది చూశారూ! తులసి దేవత, గంజాయి దెయ్యం. తులసికి కోట కట్టి దీపం పెడతాం. గంజాయి పేరు ఇంట్లో ఎత్తడానికే జంకుతాం. అలాంటి వస్తువును గురించి ఆడవాళ్ళ కార్యక్రమంలో మాట్లాడటమేమిటని మీలో కొందరు ముక్కున వేలేసుకుంటున్నారేమో!

కాని ఈమధ్య ఆ పేరు ఎవరూ పిలవకుండానే మన ఇళ్ళలోకి వచ్చేస్తోంది. పొద్దున్నే పేపరు విప్పితే ఫలానా చోట ఇన్ని కిలోల గంజాయి పట్టుబడిందని వార్త. సెల్‌ఫోను తెరిస్తే నొప్పులకు, నిద్రలేమికి, మూర్ఛలకు ఈ మొక్క తైలం దివ్యంగా పనిచేస్తుందని ప్రకటన. అమెరికాలో వున్న అమ్మాయి ఫోన్ చేసి "ఇక్కడ దుకాణాల్లోనే అమ్ముతారమ్మా" అంటుంది. ఒకే వస్తువు ఒకచోట జైలు, ఒకచోట మందు, ఇంకోచోట బజారు సరుకు. ఇందులో ఏది నిజమని మనకి అనుమానం రావడం సహజమే కదండీ.

నేను డాక్టర్ని కాను, వకీలునీ కాను. మీలాగే ఇల్లు నడుపుకునే మనిషిని. అయితే తెలియక మోసపోయేదీ, తెలియక చిక్కులో పడేదీ చివరికి ఆ ఇంటి తల్లే గనక, ఈ సంగతి నేర్చుకుని చెప్పడం మంచిదనిపించింది.

ముందు ఆ మొక్క సంగతి చూద్దాం. దాని ఆకు చూడ్డానికి మన గోంగూర ఆకులా చీలికలు చీలికలుగా, అంచుల్లో రంపపు పళ్ళతో వుంటుంది. ఇందులో మగమొక్క వేరు, ఆడమొక్క వేరు. ఒట్టి ఆకులు నూరితే వచ్చేది భంగు. ఆడమొక్క పూల గుత్తులను ఎండబెడితే గంజాయి. ఆ పూలమీద ఊరే జిగురును పోగుచేస్తే చరస్సు. మొక్క ఒకటే అయినా మత్తు ఒకలా వుండదు. సాధారణంగా భంగులో తక్కువ, గంజాయిలో ఎక్కువ, చరస్సులో మరీ ఎక్కువ. గింజల్లో మాత్రం మత్తు వుండదు. ఆ గింజల్నీ, వాటి నూనెనీ, పిండినీ ఆహారంగా వాడుకోవచ్చునని మన ఆహార భద్రతా సంస్థ 2021లో కొన్ని పరిమితులు పెట్టి అనుమతించింది కూడాను.

ఒకే మొక్కలో ఒక భాగం వంటింట్లోకీ, ఒక భాగం ఉక్కపెట్టెలోకీ పోవడమేమిటని ఆశ్చర్యపోకండి. మన పోపులపెట్టె పక్కనే అలాంటిది ఇంకొకటి వుంది. గసగసాలు! మసాలాలో నూరుకుంటాం, ప్రసవమైన పిల్లకి కూర వండి పెడతాం. ఆ గసగసాల మొక్క కాయకి గాటు పెడితే కారే పాలే నల్లమందు. నల్లమందునుంచే నొప్పిని చంపే మార్ఫిన్ తీస్తారు, ప్రాణాలు తీసే హెరాయినూ దానినుంచే వస్తుంది. గింజ దినుసు, పాలు మత్తు, శుద్ధి చేస్తే మందు. ఈ పోలిక కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇహ వైద్యం మాట. మన ఆయుర్వేదంలో ఈ మొక్కకు 'విజయ' అని పేరు. కొన్ని మందుల్లో శుద్ధి చేసి, కొలతగా వేస్తారు. అయితే ఆయుర్వేదంలో వుంది గదా అని నిర్భయంగా మింగేది కాదు. మన మందుల నిబంధనల్లోనే ఆయుర్వేదంలో విషపదార్థాల జాబితా ఒకటి వుంది. భంగు ఆ జాబితాలో వుంది. అలాంటిది కలిసిన మందు సీసామీద, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక తప్పక అచ్చువెయ్యాలి. అంటే మన ప్రాచీన వైద్యం కూడా దీన్ని తులసితీర్థంలా చూడలేదన్నమాట.

ఇంగ్లీషు వైద్యానికి దీన్ని పరిచయం చేసింది కూడా మన దేశమే. 1830ల్లో కలకత్తా వైద్యకళాశాలలో విలియం ఓషానెస్సీ అనే డాక్టరు రసాయనశాస్త్రం చెప్పేవాడు. ఆ తర్వాతి రోజుల్లో మన దేశంలో తంతి తీగలు వేయించిన పెద్దమనిషి కూడా ఆయనే. మన వైద్యుల్నీ హకీముల్నీ అడిగి తెలుసుకుని, మొదట జంతువులమీద పరీక్షించి, ఆ తర్వాత రోగులకు ఇచ్చి చూసి, 1839లో ఆ ఫలితాలన్నీ రాశాడు. ధనుర్వాతం రోగులకు ఈడ్పులు తగ్గాయన్నాడు. నలభై రోజుల పసిపాపకు ఆగకుండా వచ్చే మూర్ఛలు ఈ టింక్చరు చుక్కలతో నెమ్మదించిన సంగతి కూడా రాశాడు. ఆయన మాట ఇంగ్లండు దాకా పోయి, అక్కడి మందుల షాపుల్లోకి ఈ టింక్చరు వచ్చింది.

మరి అంత మంచి మందు ఎందుకు మూలపడిందంటారా? దానికి కారణాలున్నాయి. ఇది నీళ్ళలో కరగదు, అంచేత సూదిమందుగా ఎక్కించడానికి వీలుపడదు. పైగా ఒక సీసాలో వున్నంత బలం ఇంకో సీసాలో వుండదు. ఒకసారి పదిచుక్కలకి ఏమీ కాదు, ఇంకోసారి అదే పదిచుక్కలకి రోగి తూలిపోతాడు. ఉప్పు ఎంత వేస్తే ఎంత ఉప్పన అవుతుందో తెలియని కూర ఎవరు వండగలరు చెప్పండి? ఇంతలో కొలత తప్పని కొత్త మందులు వచ్చాయి. డాక్టర్లు అటు మొగ్గారు.

మందు సంగతి అలా వుండగా, మత్తు సంగతి ప్రభుత్వానికి చేరింది. గంజాయివల్ల జనానికి పిచ్చెక్కుతోందా, నిషేధించాలా అని తేల్చడానికి 1893లో బ్రిటిషు ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. ఆ సంఘం దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షుల్ని విచారించి, 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మితంగా వాడేవాళ్ళకి పెద్ద చెరుపు కనపడలేదనీ, మితిమీరినవాళ్ళకి మాత్రం చెరుపేననీ, పూర్తిగా నిషేధించే బదులు పన్ను వేసి అదుపులో వుంచమనీ దాని సారాంశం. అప్పట్లో పన్ను ఆదాయంమీద దొరలకి వున్న మమకారాన్ని కూడా మనం మరిచిపోకూడదనుకోండి.

ఆ తర్వాత గాలి మారింది. 1925లో జెనీవాలో జరిగిన ఒడంబడికలో దీన్ని కూడా చేర్చారు. 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం దీన్ని హెరాయిన్ పక్కన కూచోబెట్టింది. మన దేశం ఆకు వేరు, పువ్వు వేరు అని వాదించి, భంగును ఆ కట్టడినుంచి తప్పించగలిగింది. గంజాయిని మానిపించడానికి పాతికేళ్ళ గడువు ఇచ్చారు. ఆ గడువు ముగియబోతుండగా 1985లో మన పార్లమెంటు మత్తుమందుల చట్టం చేసింది. ఇంగ్లీషులో ఎన్.డి.పి.ఎస్. చట్టం అంటారు. అది 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది. మార్పులు చేర్పులతో ఈనాటికీ మనకి వర్తించేది అదే.

అయితే శాస్త్రజ్ఞులు ఊరుకోలేదు. 1964లో ఇజ్రాయెల్‌లో మెకౌలం, గావొని అనే ఇద్దరు ఈ మొక్కలో మత్తు కలిగించే పదార్థాన్ని వేరుచేసి చూపించారు. దానిని పొట్టిగా టి.హెచ్.సి. అంటారు. ఇదే మొక్కలో సి.బి.డి. అనే ఇంకో పదార్థముంది. అది మత్తెక్కించదు. 1992లో మెకౌలం బృందంవాళ్ళు ఇంకో వింత కనిపెట్టారు. ఈ మొక్క సరుకుకు తాళం తీసే గడియలు మన మెదడులోనే వున్నాయిగదా, మరి వాటికి సరిపడే తాళంచెవిని శరీరం తనంతట తాను తయారుచేసుకోదా అని వెతికితే, నిజంగానే దొరికింది. దానికి వాళ్ళు పెట్టిన పేరేమిటో తెలుసా? 'ఆనందమైడ్'. మన 'ఆనందం' అన్న మాటేనండీ! నొప్పి, ఆకలి, నిద్ర, జ్ఞాపకం ఇవన్నీ సర్దుబాటు చేయడంలో దానికి పాత్ర వుంది.

ఇంతకీ ఇది ఏ జబ్బుకి పనిచేస్తుందని రుజువైంది? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ప్రకటనలవాళ్ళ జాబితా చాలా పెద్దది, రుజువుల జాబితా చాలా చిన్నది.

ఒకటి, కాన్సరు మందులు ఎక్కించినప్పుడు వచ్చే వాంతులు, వికారం. వేరే మందులకు లొంగనివాళ్ళ కోసం టి.హెచ్.సి.ని పోలిన మాత్రలను అమెరికాలో 1985లోనే అనుమతించారు. రెండు, మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బులో కండరాలు కొయ్యబారిపోవడం. దానికి నోట్లో కొట్టుకునే స్ప్రే మందును ఇంగ్లండులో 2010లో అనుమతించారు. మూడు, పసిపిల్లల్లో వచ్చే కొన్ని మొండి మూర్ఛలు. కొన్ని రకాల దీర్ఘకాలపు నొప్పులకు కొందరికి కొంత ఉపశమనం ఇస్తుందని కూడా చెబుతారు, గాని అది పెద్ద మోతాదు ఉపశమనమేమీ కాదు.

మూర్ఛల కథ ప్రపంచానికి తెలిసింది ఒక తల్లివల్ల. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో షార్లెట్ ఫీజీ అనే పాపకు డ్రావే అనే అరుదైన మూర్ఛరోగం. వారానికి మూడువందల దాకా ఫిట్లు వచ్చేవట. మందులన్నీ అయిపోయాక తల్లి సి.బి.డి. ఎక్కువగా, మత్తు తక్కువగా వున్న తైలం ఇప్పించింది. మూర్ఛలు బాగా తగ్గాయి. 2013లో టెలివిజన్లో ఆ సంగతి చూపించాక దేశమంతా కదిలింది. ఆ పాప 2020లో తన పదమూడో ఏట కన్నుమూసింది. అయితే ఆమె పుణ్యాన డాక్టర్లు పద్ధతి ప్రకారం పరీక్షలు పెట్టారు. 2017లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ జబ్బున్న 120 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అసలు మందు, ఒక జట్టుకు రుచికి అలాగే వుండే ఉత్తుత్తి మందు ఇచ్చారు. మందు వాడినవాళ్ళలో పెద్ద మూర్ఛలు నెలకు సుమారు 12 నుంచి 6కి తగ్గాయి. రెండో జట్టులో సుమారు 15 వుండేవి 14 అయ్యాయి, అంతే. ఆ రుజువు మీదనే 2018లో అమెరికా ఆ మందును అనుమతించింది. ఓషానెస్సీ కలకత్తాలో పసిపాప మూర్ఛల గురించి రాసిన దాదాపు 180 ఏళ్ళకి!

మా వీధిలో ఒకావిడ వుంది. ఆవిడ మనవడికి అయిదేళ్ళు, తరచు ఫిట్లు వస్తాయి. పాపం, ఎక్కడో ప్రకటన చూసి ఒక సీసా తైలం తెప్పించింది. వేసేముందు నాకు చూపించి "వెయ్యనా?" అని అడిగింది. తెలిసిన ఫార్మసిస్టు దగ్గర కూచుని లెక్క వేయించాం. ఆ లెక్క మీరూ వినండి. పిల్లల మూర్ఛలకు రుజువైన మోతాదు, కిలో బరువుకు రోజుకు 10నుంచి 20 మిల్లీగ్రాములు. పిల్లవాడి బరువు 20 కిలోలనుకుంటే, తక్కువలో తక్కువ రోజుకు 200 మిల్లీగ్రాములు కావాలి. ఆ సీసా మొత్తానికి వున్నది 1000 మిల్లీగ్రాములు. అంటే అయిదు రోజులకి ఖాళీ! చీటీమీద మాత్రం రోజుకు నాలుగు చుక్కలు వెయ్యమని వుంది. నాలుగు చుక్కలవల్ల మూర్ఛ ఆగదు, ఆగుతుందన్న భ్రమ మాత్రం కలుగుతుంది. ఆ భ్రమలో డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేస్తే ప్రమాదం అక్కడుంది. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్లు ఒకదానిమీద ఒకటి వచ్చి ప్రాణంమీదికి తెస్తాయి. రుజువైన మందు కూడా పాత మందులకు తోడుగా ఇచ్చేదే. పాత మందులతో కలిసినప్పుడు మగత పెరగవచ్చు, కాలేయం దెబ్బతినవచ్చు. అందుకే రక్తపరీక్షలు చేయిస్తూ ఇస్తారు.

అంచేత ఇలాంటి తైలం ఎవరైనా మీ చేతిలో పెడితే నాలుగు ప్రశ్నలు వెయ్యండి. ఇందులో టి.హెచ్.సి. ఎంత, సి.బి.డి. ఎంత? తయారుచేసినవాళ్ళ లైసెన్సు నంబరు సీసామీద వుందా? వైద్యుని చిట్టీ అడిగి ఇస్తున్నారా, అడగకుండానే ఇస్తున్నారా? ఇప్పుడు వాడుతున్న మందులకు ఇది సరిపడుతుందని మన డాక్టరు చెప్పారా? ఈ నాలుగింటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ సీసా మూత విప్పకండి. కాన్సరును కుదురుస్తుంది, చక్కెరజబ్బును పారదోలుతుంది అనేవాళ్ళను మాత్రం గుమ్మంలోంచే పంపించెయ్యండి. మనుషుల్లో అలాంటి రుజువు లేదు.

కాన్సరు నొప్పి మాట వచ్చింది గనక ఒక ముఖ్యమైన సంగతి. నొప్పి భరించలేక గంజాయి నూనె కోసం వెతికే కుటుంబాలున్నాయి. వాళ్ళకి తెలియనిదేమిటంటే, అంతకన్నా ఎంతో నమ్మకమైన మందు, మార్ఫిన్ మాత్ర, మన దేశంలోనే వుంది. 1985 చట్టం వచ్చాక దానికి అన్ని లైసెన్సులు, అన్ని కాగితాలు అవసరమయ్యాయి. దానితో ఆస్పత్రులు దాన్ని తెప్పించుకోవడమే మానేశాయి. నల్లమందు పండించే దేశంలోనే రోగులు నొప్పితో మెలికలు తిరిగిపోయారు. డాక్టర్లు, స్వచ్ఛంద సంస్థలు ఏళ్ళతరబడి పోరాడితే 2014లో చట్టాన్ని సవరించి, నొప్పి తగ్గించే అలాంటి మందులను 'అత్యవసర మందులు'గా గుర్తించి దారి సులువు చేశారు. కాబట్టి ఇంట్లో అలాంటి రోగి వుంటే "పాలియేటివ్ కేర్ ఎక్కడుంది?" అని డాక్టరును అడగండి. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆస్పత్రిలో ఆ విభాగం వుంది. నొప్పి ఓర్చుకోవడం పుణ్యమేమీ కాదు.

ఇహ చట్టం. ఇది ప్రతి ఇల్లాలూ కంఠస్థం చేయవలసిన పాఠం.

మన చట్టం ప్రకారం పూలు కాయలతో కూడిన కొసలు గంజాయి, జిగురు చరస్సు. ఈ రెండూ నిషిద్ధం. పూలు కలవని ఒట్టి ఆకు, గింజ ఈ నిర్వచనంలోకి రావు. అందుకే ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ లాంటి చోట్ల ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలున్నాయి. కాశీయాత్రకు వెళ్ళినవాళ్ళు చూసే వుంటారు. 2022లో కర్ణాటక హైకోర్టు కూడా భంగు ఈ చట్టం కిందికి రాదని చెప్పింది. అలాగని భంగు ఎక్కడైనా కొనుక్కోవచ్చునని కాదు. ప్రతి రాష్ట్రానికీ తన ఎక్సైజు చట్టం వుంటుంది. పైగా తినే మత్తు గంటకో రెండు గంటలకో గాని ఎక్కదు. ఇంకా ఏమీ కాలేదే అని రెండో లడ్డూ తినేసి ఆస్పత్రి పాలయ్యేవాళ్ళున్నారు.

శిక్షలు బరువునుబట్టి వుంటాయి. గంజాయి ఒక కిలో వరకు 'కొద్దిపాటి' కింద లెక్క. కొద్దిపాటి అంటే క్షమించేస్తారని కాదు సుమండీ. ఏడాది వరకు కఠినశిక్ష, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల వరకైతే పదేళ్ళ వరకు, లక్ష వరకు జరిమానా. 20 కిలోలు మించితే వ్యాపారం కింద లెక్క. పదేళ్ళకు తక్కువ లేకుండా ఇరవై ఏళ్ళ వరకు జైలు, లక్షకు తక్కువ కాకుండా రెండు లక్షల వరకు జరిమానా. ఇలాంటి కేసులో బెయిలు దొరకడం బహు కష్టం. చరస్సుకైతే ఇంకా తక్కువ బరువులే. వంద గ్రాములు కొద్దిపాటి, కిలో వ్యాపారం. పెరట్లో రెండు మొక్కలు పెంచినా పదేళ్ళ వరకు శిక్ష పడే నేరమే. ఒట్టి దమ్ము కొట్టినందుకు ఆర్నెల్ల వరకు జైలు గాని, పదివేల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

మనకి వర్తించే సంగతులు ఇంకొన్ని వున్నాయి. మేడమీద గది అద్దెకిచ్చి, అక్కడ ఈ వ్యాపారం జరుగుతోందని తెలిసీ ఊరుకుంటే, ఇల్లుగలావిడ కూడా ఆ నేరానికి తగిన శిక్షకి గురవుతుంది. మన సంచీలో సరుకు దొరికితే, నాకు తెలియదని రుజువు చేసుకునే భారం మనమీదే పడుతుంది. రైల్లో ఎవరో "అక్కా, ఈ బ్యాగు కాస్త చూస్తుండండి" అంటే మొహమాటపడకండి. ఇంకొకటి, ఆడమనిషి ఒంటిని ఆడమనిషే సోదా చెయ్యాలని అదే చట్టంలో స్పష్టంగా వుంది. గెజిటెడ్ అధికారి గాని, మేజిస్ట్రేటు గాని ఎదుట వుండగా సోదా చెయ్యమని అడిగే హక్కు కూడా వుంది.

పిల్లలు విదేశాల్లో వున్న తల్లులకు ఒక ముక్క. కెనడాలో 2018 నుంచి పెద్దవాళ్ళు దీన్ని కొనుక్కోవచ్చు. జర్మనీలో 2024 నుంచి కొంత పరిమితితో దగ్గర వుంచుకోవచ్చు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఒప్పుకున్నా, అక్కడి కేంద్ర చట్టం ఒప్పుకోలేదు. వీసామీద వున్నవాళ్ళకు ఆ కేంద్ర చట్టమే ముఖ్యం. సరదాకి కొన్నదే వీసాకి ఎసరు పెట్టవచ్చు. థాయిలాండు 2022లో తలుపులు బార్లా తెరిచి, జరిగింది చూసి 2025లో మళ్ళీ డాక్టరు చిట్టీ వుంటేనే అని బిగించింది. సింగపూరులో 500 గ్రాములు మించి రవాణా చేస్తే ఉరిశిక్ష వుంది. ఇహ దుబాయి వైపు వెళ్ళే అబ్బాయికి మసాలా పొడులు కట్టేటప్పుడు ఒక్క సంగతి మరిచిపోకండి. మన గసగసాలు సైతం అక్కడ నిషిద్ధం! పొరుగింటివాళ్ళు ఇచ్చిన పచ్చడి సీసా గాని, మందుల పొట్లం గాని విప్పి చూడకుండా పెట్టెలో పెట్టకండి.

ఈ సరుకు ఎక్కడినుంచి వస్తోందంటే, సిగ్గుపడవలసిన మాటే అయినా, కొంతమటుకు మన మన్యంనుంచే. విశాఖ మన్యంలో, అంటే ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒడిశా సరిహద్దు పొడుగునా ఏళ్ళతరబడి ఇది సాగయింది. 2021 చివర పోలీసులు 'పరివర్తన' పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు పోగుపెట్టి తగలబెట్టారు. కాని ఆ పొగ వెనక మనకు కనపడని ఆడవాళ్ళున్నారు. పెట్టుబడి పెట్టింది పట్నంలోని షావుకారు. విత్తింది గిరిజనుడు. మూట మోసింది కూలివాడు. పట్టుబడ్డప్పుడు దొరికేది ఆ మోసినవాడే. మొగుడు విశాఖ జైల్లో, బెయిలు రాక. పిల్లలు కొండమీద, బువ్వ లేక. ఆ తల్లి కన్నీళ్ళు తుడవాలంటే నరికిన చోట కాఫీ, మిరియం, పసుపు, రాజ్మా పండి, వాటికి న్యాయమైన ధర దొరకాలి. మనం కొనే అరకు కాఫీ పొట్లానికి ఆ మేరకు పుణ్యముంది.

ఆఖరుగా పిల్లల మాట. ఢిల్లీ ఎయిమ్స్‌వారు చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. ఏడాదిలో ఒక్కసారైనా భంగో, గంజాయో, చరస్సో వాడినవాళ్ళు మన దేశంలో 3 కోట్ల 10 లక్షల మంది అని తేల్చింది. ఈ మధ్య హైదరాబాదులో గంజాయి కలిపిన చాకొలెట్లు కూడా పట్టుబడుతున్నాయి. పొగ వుండదు, వాసన వుండదు, తల్లికి తెలియదు. మెదడు పాతికేళ్ళ వరకు ఎదుగుతూనే వుంటుంది. ఆ ఎదిగే వయసులో ఇది మొదలైతే జ్ఞాపకం, చదువు దెబ్బతింటాయి. వంశంలో మానసిక రోగం వున్నవాళ్ళకైతే మతి చలించే ప్రమాదం మరీ ఎక్కువ. అలవాటు పడదంటారు గాని, వాడినవాళ్ళలో దాదాపు పదిమందికి ఒకరు దాన్నుంచి బయటపడలేని స్థితికి వస్తారు. గర్భిణులు దీని జోలికే పోకూడదు, బిడ్డ బరువు తగ్గిపోతుంది.

కళ్ళు ఎర్రబడటం, వేళకాని వేళ విపరీతమైన ఆకలి, పాత స్నేహితుల్ని వదిలేయడం, డబ్బు మాయమవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం. ఇవన్నీ కలిసి కనిపిస్తే అనుమానించండి, గాని కొట్టకండి, వీధిలో పరువు పోతుందని దాచకండి. అలవాటు పడ్డవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు వున్న ఆస్పత్రిలో చేరి వైద్యం పూర్తిచేసుకుంటే, వాడినందుకూ, కొద్దిపాటి దగ్గర వుంచుకున్నందుకూ శిక్ష లేకుండా కాపాడే సెక్షను అదే చట్టంలో వుంది. దాని నంబరు 64-ఎ. ఈ సంగతి చాలామంది తల్లులకు తెలియదు. వ్యసనం మాన్పించడానికి సలహా కావాలంటే 14446 నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. అమ్మేవాళ్ళ సంగతి చెప్పాలంటే 1933 వుంది.

ఇంతా విన్నాక, మరి దీన్ని మన దేశంలో మందుగా రానివ్వాలా వద్దా అని అడుగుతారు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘంలో ఇదే ప్రశ్న వచ్చింది. దీన్ని అత్యంత ప్రమాదకరమైన వస్తువుల జాబితానుంచి తీసెయ్యాలా అని ఓటు పెడితే 27 దేశాలు ఔనన్నాయి, 25 కాదన్నాయి. ఔనన్నవాటిలో మన దేశమూ వుంది. వైద్యం కోసం, పరిశోధన కోసం అనుమతించే వీలు మన చట్టంలోనూ వుంది. జమ్మూలో ప్రభుత్వ పరిశోధనశాల లైసెన్సుతోనే ఈ మొక్కను పెంచి మందుల కోసం పరీక్షలు చేస్తోంది. ఉత్తరాఖండ్ 2018 నుంచి నార కోసం, మత్తు అతి తక్కువగా వుండే రకాన్ని పండించడానికి అనుమతులిస్తోంది.

నా మట్టుకు నాకు తోచేది చెబుతాను. వీధి చివర బడ్డీకొట్లో అమ్మకానికి నేను ఒప్పుకోను. ఎదిగే పిల్లలున్న ఏ తల్లీ ఒప్పుకోదు. కాని మూర్ఛతో కొట్టుకుంటున్న పసివాడి తల్లి, వాంతులతో శోషించిపోయిన కాన్సరు రోగి భార్య ప్రకటనలవాళ్ళ గాలానికి చిక్కనక్కర్లేకుండా, రుజువైన మందు, కొలత తప్పని మందు, పేదవాళ్ళు కొనగలిగిన ధరకి ప్రభుత్వాస్పత్రి కిటికీలో దొరకాలి. మార్ఫిన్ విషయంలో ఆ దారి వెయ్యడానికి 1985 నుంచి 2014 దాకా పట్టింది. ఆ ఇరవైతొమ్మిదేళ్ళలో ఎంతమంది నొప్పితో పోయారో! ఈసారి అంత ఆలస్యం కాకూడదు.

గసగసాలు వంటింట్లో, మార్ఫిన్ ఆస్పత్రిలో, నల్లమందు ప్రభుత్వ తాళంలో. ఒక మొక్కను అలా వేరుచేసి ఏ భాగాన్ని ఎక్కడ వుంచాలో అక్కడ వుంచగలిగిన వాళ్ళం, రెండో మొక్కనీ వుంచగలం. అంతవరకు మన ఇంట్లో మందుల డబ్బా మన అదుపులో వుండాలి, మన పిల్లలతో మాట మన నోట వుండాలి.